ఒక్క డాలరు వడ్డీ

నేనుండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ పక్కన. ఊరికి వచ్చినప్పుడల్లా మా పెద్దమ్మ ఒకే ప్రశ్న అడుగుతుంది. "కరోనా రోజుల్లో మీకక్కడ గవర్నమెంటు ఊరికే డబ్బులు పంచిందటగా, నిజమేనా?" నిజమే పెద్దమ్మా అంటాను. "ఎట్లా పంచారే? లైన్లో నించోబెట్టారా? ఏం కార్డడిగారు?" కార్డేమీ అడగలేదు, ఇన్‌కంటాక్స్ రిటర్ను చూసి వేశారు అంటే నమ్మదు. పన్ను కట్టేవాళ్ల కాగితం చూసి లేనివాళ్లకు డబ్బులెట్లా ఇస్తారే, నీకు సరిగ్గా తెలిసినట్టు లేదు అంటుంది.

ఆవిడ అనుమానం సబబైనదే. ఇంటి దగ్గర కాఫీ చల్లారేలోగా చెప్పలేకపోయిన జవాబు ఇవాళ ఇక్కడ చెబుతాను.

2020 ఏప్రిల్ గుర్తు చేసుకోండి. తెలంగాణలో తెల్లకార్డున్న ఇంటికి 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్లు పేద కుటుంబాలకు వెయ్యి రూపాయల చొప్పున ఇంటికి తెచ్చి చేతిలో పెట్టారు. ఎవరికివ్వాలి అన్న ప్రశ్న వస్తే మన దగ్గర ముందు తీసేది రేషన్ కార్డుల జాబితా. అమెరికాలో దేశం మొత్తానికీ పనికొచ్చే అలాంటి జాబితా లేదు. ఇంటిపేరు, అడ్రసు, పిల్లలెందరు, సంపాదనెంత, బ్యాంకు ఖాతా నంబరేమిటి, ఇవన్నీ ఏటేటా రాయించుకుని దాచుకునే ఆఫీసు ఒక్కటే ఉంది. అది పన్నులు వసూలు చేసే ఇంటర్నల్ రెవెన్యూ సర్వీస్. అందరూ ఐఆర్ఎస్ అంటారు. 1862లో అంతర్యుద్ధం ఖర్చులకు డబ్బు పోగుచేయడానికి మొదలైన ఆఫీసది. వసూలు చేయడమే తప్ప పంచడం దాని కులవృత్తి కాదు. కానీ అడ్రసులు దాని దగ్గరే ఉన్నాయి కాబట్టి పంచే పనీ దాని నెత్తినే పడింది.

మొత్తం మూడు విడతలు. మొదటిది 2020 మార్చి 27న సంతకమైన కేర్స్ చట్టం కింద, పెద్దవాళ్లకు 1,200 డాలర్లు, పదిహేడేళ్లలోపు పిల్లకో పిల్లాడికో 500. రెండోది అదే ఏడు డిసెంబరు 27న, పెద్దా చిన్నా తేడా లేకుండా 600. మూడోది 2021 మార్చి 11న, తలకు 1,400. వీటిని స్టిములస్ చెక్కులు అనడం అలవాటైపోయింది. ఒంటరివాళ్లకు ఏడాదికి 75 వేలు, దంపతులకు లక్షా 50 వేలు దాటితే కోత మొదలైంది. మొదటి విడతలో పైన సంపాదించిన ప్రతి వందకూ అయిదు డాలర్లు తగ్గించారు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్లో ఉండి పిల్లలు లేని దంపతులైతే లక్షా 98 వేల దగ్గర సున్నా అయిపోయింది. మా స్నేహితుల్లో అలాంటివాళ్లు "మాకు పన్నులే, పంపకాల్లేవు" అని వేళాకోళమాడేవారు. వాళ్ల గురించి నేనేమీ బెంగపడలేదు.

ఈ డబ్బు చట్టం దృష్టిలో దానం కాదు, అప్పూ కాదు. పన్నులో ఇవ్వబోయే తగ్గింపును ముందే చేతికివ్వడం. అందుకే రిటర్నుతో ముడిపెట్టారు. 2019కి రిటర్ను వేసి ఉంటే దాన్ని, లేకపోతే 2018 రిటర్నును చూసుకుని, అందులో రాసిన ఖాతాలో ఏప్రిల్ రెండో వారం నుంచి జమ చేసుకుంటూ పోయారు. నిద్ర లేచి ఫోను చూసుకుంటే డబ్బు పడి ఉంది. అడగలేదు, దరఖాస్తు పెట్టలేదు. రిటర్ను వేసే అలవాటున్న ఇళ్లలో ఇది ఇంత తేలిక.

మరి పన్ను కట్టేంత సంపాదనే లేనివాడి సంగతి? అసలు సాయం కావలసింది వాడికేగా!

ఈ చిక్కు కొత్తది కాదు. 2008లో జార్జ్ బుష్ హయాంలో ఇలాగే ఒక సాయం ఇచ్చారు. పన్ను కట్టక్కర్లేని పెన్షనర్లు కూడా కేవలం ఆ 300 డాలర్ల కోసం రిటర్ను వేయాల్సొచ్చింది. ఏడాదికి కనీసం 3,000 డాలర్ల రాబడి చూపిస్తేనే ఇస్తామన్నారు. 2020లో ఆ కనీసం తీసేశారు. ఏమీ సంపాదించనివాడికి కూడా ఇవ్వాలన్నారు. కానీ వాడి పేరు ఐఆర్ఎస్ దగ్గర లేదు. అందుకని ఏప్రిల్ 10న ఒక ఆన్‌లైన్ ఏర్పాటు పెట్టారు. రిటర్ను వేయనివాళ్లు అందులో పేరు, ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు, అడ్రసు, ఉంటే బ్యాంకు ఖాతా రాస్తే చాలు. చూడటానికి చిన్న దరఖాస్తులా ఉంటుంది. లోపల మాత్రం అది 1040 అనే అసలు సిసలు రిటర్ను ఫారమే. మనకు తెలియకుండానే మన చేత రిటర్ను వేయిస్తుంది.

యాభై ఏళ్లకు పైగా అమెరికాలో, తక్కువ సంపాదన ఉన్నవాళ్లకు ఉచితంగా రిటర్నులు వేసిపెట్టే వాలంటీర్ల పద్ధతి ఒకటుంది. పరీక్ష రాసి పాసవ్వాలి. నేను పాసయ్యాను. నవంబరు 21తో ఆ ఆన్‌లైన్ గడువు ముగుస్తుందనగా, ఆ నెల రెండో వారంలో ఒక చర్చి పార్కింగు స్థలంలో టెంటు వేసి, మాస్కులు కట్టుకుని, ఆరడుగుల ఎడంలో రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. నా ఎదుటికి ఒక మనిషి వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. ఒకప్పుడు హోటల్లో వంటవాడట. అప్పటికి రెండేళ్లుగా పనిలేదు, పాత కారులోనే కాపురం. దగ్గర్లోని షెల్టరు వాళ్లు తమ అడ్రసు వాడుకోనిచ్చారు.

సోషల్ సెక్యూరిటీ నంబరు చెప్పమన్నాను. చెప్పలేదు. నా మొహం వైపు చూసి, ఏ దేశమమ్మా మీది అన్నాడు. ఇండియా అన్నాను. ఆయన కాసేపు ఆగి చాలా మర్యాదగానే అన్నాడు, "నాలుగేళ్ల కిందట టాక్స్ ఆఫీసు నుంచని ఒకాయన ఫోన్ చేశాడు, అరెస్టు చేస్తామన్నాడు. ఆయనా నీలాగే మాట్లాడాడు."

నాకు తల కొట్టేసినట్టయింది. అబద్ధమని ఎలా అంటాను? 2016 అక్టోబరులో మహారాష్ట్రలోని మీరా రోడ్డులో ఠాణే పోలీసులు కాల్‌సెంటర్ల మీద దాడి చేశారు. ఐఆర్ఎస్ అధికారులమని అమెరికా వాళ్లకు ఫోన్లు చేసి, బెదిరించి డబ్బు గుంజే ముఠా అది. నిజమైన ఐఆర్ఎస్ మొదట ఉత్తరం రాస్తుంది, ఫోన్ చేసి జైలంటూ బెదిరించదు అని చెప్పాను. నంబరు నాకు చెప్పొద్దు, మీరే కొట్టండి అని లాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. ఒక్కో అంకె వెతుక్కుంటూ ఒక వేలితో కొట్టాడు.

అంతా అయ్యాక ఫారం ఎలా తయారైందో తెర మీద చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని పైనుంచి కింది దాకా చదివాడు. ఒకచోట ఆగాడు. "వడ్డీ రాబడి, ఒక డాలరు. ఇదెక్కడిది? నాకు బ్యాంకు ఖాతాయే లేదు."

ఈ ఒక్క డాలరు కథే నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది. ఐఆర్ఎస్ కంప్యూటర్లు ఆన్‌లైన్‌లో వచ్చిన రిటర్నులో మొత్తం ఆదాయం సున్నా అని ఉంటే పుచ్చుకోవు. ఆన్‌లైన్ దాఖలు 1986లో మూడు ఊళ్లలో, పాతికవేల రిటర్నులతో మొదలైంది. ఆదాయం ఉన్నవాడే రిటర్ను వేస్తాడన్నది ఆ ఏర్పాటులో ఎముకల్లోకి దిగిన నమ్మకం. ఏమీ లేనివాడు వచ్చి తలుపు తడతాడని ఎవరూ అనుకోలేదు. 2020లో ఆ తలుపు తిరగ్గట్టే వ్యవధి లేదు. కాబట్టి ప్రభుత్వమే అధికారికంగా ఉత్తర్వు ఇచ్చింది. రాబడి లేనివాళ్లు ఒక డాలరు వడ్డీ వచ్చినట్టు రాయండి, మేం ఏమీ అనుకోం అని. ఈ చిన్న దరఖాస్తు వాడితే ఆ డాలరును అదే రాసుకునేది.

మన పెళ్లిళ్లలో వంద రూపాయలు చదివించరు. సున్నాతో ముగియకూడదని నూటపదహార్లు చదివిస్తారు. అమెరికా కంప్యూటరుకూ అదే పట్టింపు అనుకుని లోపల నవ్వుకున్నాను. ఆయనకు మాత్రం సీదాగా చెప్పాను, మిషను సున్నాను మింగలేదు, అందుకని ఒకటి పెట్టారు అని. "అంటే నేను ఒక డాలరు సంపాదించానన్న మాట" అన్నాడు. సంతోషంగానే అన్నాడు. మూడు వారాలకు షెల్టరు అడ్రసుకు 1,200 డాలర్ల చెక్కు వచ్చిందని తర్వాత తెలిసింది.

ఆ చెక్కుల మీద అప్పటి అధ్యక్షుడు ట్రంప్ పేరు అచ్చు వేయించారు. అది చూసి అమెరికాలో పెద్ద గొడవ. మా నాన్నగారు ఫోన్లో ఆ వార్త విని, బొమ్మ కూడా వెయ్యలేదా అన్నారు.

ఇక మనవాళ్ల దగ్గరికొస్తాను. మన తెలుగువాళ్లకు ఈ వ్యవహారంలో రెండు చిక్కులొచ్చాయి. ఒకదానికి మరొకటి అద్దంలో ప్రతిబింబం లాంటిది. రావలసిన వాళ్లకు రాలేదు, రాకూడని వాళ్లకు వచ్చింది.

రావలసిన వాళ్లంటే హెచ్-ఫోర్ ఇళ్లు. భర్త హెచ్-వన్ వీసా మీద ఉద్యోగం చేస్తాడు, పన్నులన్నీ జీతంలోనే కోసేస్తారు. భార్య దానికి అనుబంధమైన హెచ్-ఫోర్ వీసా మీద ఉంటుంది, చదువుంటుంది, చాలామందికి పని చేయడానికి అనుమతి ఉండదు. అనుమతి లేదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరూ ఉండదు. రిటర్నులో రాయడానికని ఆమెకు ఐటిన్ అని వేరే నంబరు ఇస్తారు, తొమ్మిదితో మొదలవుతుంది. దంపతులు కలిపి రిటర్ను వేస్తే పన్ను తగ్గుతుంది కాబట్టి ఇద్దరి పేరా వేస్తారు. మా అపార్టుమెంట్లలో ఒక అమ్మాయిది సరిగ్గా ఇదే పరిస్థితి. బాబు అక్కడే పుట్టాడు, వాడు పౌరుడు, వాడికి నంబరుంది. కేర్స్ చట్టం ఏమందంటే, కలిపి వేసిన రిటర్నులో ఇద్దరికీ సోషల్ సెక్యూరిటీ నంబరుండాలి, ఒక్కరికి లేకపోయినా ఇంటిల్లిపాదికీ లేదు. సైనికుల కుటుంబాలకు మాత్రం మినహాయింపు. భర్తకు రావలసిన 1,200, అమెరికా పౌరుడైన పసివాడికి రావలసిన 500, రెండూ పోయాయి. ఆ అమ్మాయి నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "అక్కా, నా నంబరు వల్ల వాళ్లకి కూడా పోయిందట." ఇంట్లో ఎవరూ ఆమెనేమీ అనలేదు. అయినా అలా అనుకుంది.

డబ్బు కంటే ఆ మాటకే నాకు కష్టమేసింది. ఈ షరతు 2008లోనూ ఉంది. పన్నెండేళ్ల పాత నిబంధనను దులిపి మళ్లీ పెట్టారు.

డిసెంబరు 27 చట్టం దాన్ని వెనకటి తేదీతో సరిచేసింది. ఐటిన్ ఉన్నవాళ్లకు లేకపోయినా, నంబరున్న భర్తకూ బిడ్డకూ మొదటి విడత కూడా ఇవ్వాలంది. కానీ దానంతటది వచ్చి పడదు. 2020 రిటర్ను వేసేటప్పుడు 1040 ఫారంలో ముప్ఫయ్యో గీత మీద అడగాలి. రికవరీ రిబేట్ క్రెడిట్ అంటారు. మొదటి విడత 1,700, రెండో విడత ఇద్దరికీ కలిపి 1,200, మొత్తం 2,900. ఫిబ్రవరిలో వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆన్‌లైన్‌లో ఆ గీత నింపాం. లాక్‌డౌన్లో పుట్టిన పిల్లలకూ ఇదే గీత ఆసరా అయింది. 2019 రిటర్నులో లేని పసిబిడ్డ ఐఆర్ఎస్ లెక్కలో ఇంకా పుట్టనట్టే. 2020 రిటర్నులో పేరెక్కాక, మొదటి రెండు విడతలకూ కలిపి వాడి పేర 1,100 డాలర్లు వచ్చాయి.

రాకూడనివాళ్లకు వచ్చిన కథ ఎఫ్-వన్ వీసా విద్యార్థులది. మా దగ్గర డెంటన్‌లో, ఆర్లింగ్టన్‌లో యూనివర్సిటీల చుట్టూ మన పిల్లలు నలుగురైదుగురు కలిసి ఇళ్లలో ఉంటారు. 2020 ఏప్రిల్‌లో ఒక కుర్రాడు, మా ఊరివాడే, ఫోన్ చేశాడు.

"అక్కా, మాక్కూడా పడిందక్కా! పన్నెండొందలు! రూములో నలుగురికీ పడ్డాయి."

"నువ్వెప్పుడొచ్చావురా అమెరికాకి?"

"రెండువేల పద్దెనిమిది ఆగస్టు అక్కా."

"ఏ ఫారం వేశావు?"

"ఫారమా? నేనెక్కడ వేశానక్కా, సాఫ్ట్‌వేరే వేసింది."

సాఫ్ట్‌వేరే వేసింది! రోగమంతా అక్కడే ఉంది. వీసా మీద చదువుకునే పిల్లలకు మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరాలూ పన్నుల చట్టం ప్రకారం అమెరికా నివాసం లెక్కకు రాదు. ఎన్ని రోజులున్నా ప్రవాసి కిందే లెక్క. డిసెంబరు 31న దిగినా ఆ ఏడు ఒక ఏడే. ప్రవాసి వేయాల్సింది 1040-ఎన్ఆర్ అనే వేరే ఫారం. అది వేసినవాళ్లకు స్టిములస్ లేదు. చట్టంలో సూటిగా రాసి ఉంది. కానీ టీవీలో ప్రకటనలిచ్చే పేరున్న సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో ఆ ఫారమే ఉండదు. మనవాడు లాగిన్ అయ్యాడు, అది గబగబా ప్రశ్నలడిగింది, వీడు సీనియరు చెప్పినట్టు నెక్స్ట్ నెక్స్ట్ కొట్టాడు, పది నిమిషాల్లో అమెరికాలో స్థిరపడ్డ మనిషిలా రిటర్ను వెళ్లిపోయింది. ఐఆర్ఎస్ మెషీను వీసా చూడదు, ఫారం చూస్తుంది. 1040 వేశాడు, నంబరుంది, జీతం తక్కువ, డబ్బులు వేసేసింది.

పైగా తొందరపడి వీడు మిగుల్చుకున్నదీ లేదు. భారతదేశానికీ అమెరికాకీ ఉన్న పన్నుల ఒప్పందంలో ఇరవై ఒకటో అధికరణం కింద, మన దేశపు విద్యార్థులు ప్రవాసి ఫారంలో కూడా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. 2019కి అది 12,200 డాలర్లు. చాలా దేశాల విద్యార్థులకు లేని వెసులుబాటు. సరైన ఫారం వేసినా వాడి జీతం మీద పన్ను పెద్దగా పడేది కాదు.

తిరిగి పంపేయాలిరా అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "క్యాంపస్ ఉద్యోగం పోయిందక్కా. యూనివర్సిటీ మూసేశారు, ఊరెళ్దామంటే విమానాల్లేవు. నా జీతంలోంచీ పన్ను కోశారుగా. మాకు కష్టం లేదనా?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. పన్ను పుచ్చుకునేటప్పుడు మనిషిగా లెక్కేసి, కష్టమొచ్చినప్పుడు వెళ్లే మనిషివి కదా అనడం నాకూ మింగుడుపడదు. అలాగని ఉంచుకోమనీ చెప్పలేను. రేపు హెచ్-వన్, ఆ తర్వాత గ్రీన్‌కార్డు, ఎక్కడో ఒకచోట పాత రిటర్నులు బయటికి తీయమంటారు. అప్పుడు ఈ 1,200కి జవాబు చెప్పుకోవాలి.

పంపే పద్ధతి ఐఆర్ఎస్ చెప్పింది. చెక్కుగా వచ్చి ఇంకా మార్చుకోకపోతే వెనక వైపు చెల్లదని రాసి పోస్టులో తిప్పి పంపాలి. ఖాతాలో పడితే యు.ఎస్. ట్రెజరీ పేర సొంత చెక్కు రాసి, దాని మీద 2020 ఈఐపీ (ఈ సాయం అధికారిక పేరుకు పొడి అక్షరాలు) అనీ, సోషల్ సెక్యూరిటీ నంబరూ వేసి, ఎందుకు పంపుతున్నామో కాగితం జత చేయాలి. అది కాక రిటర్నును 1040-ఎక్స్‌తో సవరించుకోవాలి. ఆన్‌లైన్‌లో పది నిమిషాల్లో చేసిన తప్పును కాగితం మీద దిద్దుకోవడానికి నెలలు పట్టింది. ఆ రోజుల్లో ఐఆర్ఎస్ కేంద్రాలు మూతపడి, వచ్చిన ఉత్తరాలు విప్పే నాథుడు లేక ట్రెయిలర్లలో పడి ఉండేవి. వాడు రెండు నెలల అద్దె రూమ్మేటు దగ్గర అప్పు చేసి ఆ డబ్బు పంపాడు. మిగతా ముగ్గురిలో ఒకడే పంపాడని విన్నాను.

మనవాళ్లనే అనుకోనక్కర్లేదు. మొదటి విడతలో ఏప్రిల్ నెలాఖరుకే చనిపోయినవాళ్ల పేర దాదాపు 11 లక్షల చెల్లింపులు, 140 కోట్ల డాలర్ల దాకా వెళ్లిపోయాయని అక్కడి ప్రభుత్వ తనిఖీ సంస్థే తేల్చింది. పాత రిటర్నులో బతికే ఉన్నారు మరి. ఇంకోవైపు, దాదాపు 40 లక్షల మందికి చెక్కు బదులు ప్రీపెయిడ్ కార్డులు సాదా కవర్లలో పంపితే, ప్రకటన కాగితమనుకుని చెత్తబుట్టలో వేసినవాళ్లు బోలెడుమంది. మా ఎదురింటావిడ కత్తెరతో ముక్కలు చేసేసి, వార్తల్లో విన్నాక ఆ ముక్కలు ఏరి టేపు అంటించుకుంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. అమెరికాలో ఉచితంగా ఆన్‌లైన్ రిటర్ను వేసుకునే ఏర్పాటు 2003 నుంచీ ఉంది. ప్రభుత్వం సొంతంగా సాఫ్ట్‌వేరు పెట్టుకోకుండా, కంపెనీలే తక్కువ రాబడి వాళ్లకు ఉచితంగా చేసిపెట్టాలని ఒప్పందం. కంపెనీలు ఆ ఉచిత పేజీని గూగుల్‌లో కనపడకుండా దాచిపెట్టాయని 2019లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ బయటపెట్టింది. ఉచితమని పిలిచి చివర్లో రుసుము అడిగారన్న ఫిర్యాదుల మీద టర్బోటాక్స్ అనే సాఫ్ట్‌వేరు నడిపే ఇన్‌ట్యూట్ కంపెనీ 2022లో రాష్ట్రాలతో 14 కోట్ల 10 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. 2024లో ఐఆర్ఎస్ తన సొంత ఉచిత పద్ధతి డైరెక్ట్ ఫైల్‌ని 12 రాష్ట్రాల్లో మొదలుపెట్టింది. మా టెక్సాస్ వాటిలో ఉంది. నేను వాడిచూశాను, బాగానే ఉంది. రెండేళ్లు తిరక్కుండానే ఎత్తేశారు.

రుసుము గురించి ఎందుకంటున్నానంటే, ఆ రుసుమును రిఫండులోంచే కోసుకోండి అన్నవాళ్ల డబ్బు మొదట మధ్యలో ఒక తాత్కాలిక ఖాతాలోకి పోయి, అక్కడ రుసుము మినహాయించాక ఇంటికొస్తుంది. 2021 జనవరిలో రెండో విడత 600లు చాలామందివి, అప్పటికే మూసేసిన ఆ తాత్కాలిక ఖాతాలకు పోయి చిక్కుకున్నాయి. ముప్ఫై నలభై డాలర్లు అప్పటికప్పుడు చేతినుంచి ఇవ్వలేనివాళ్లే అలా కోయించుకుంటారు. కష్టమంతా మళ్లీ వాళ్లదే. జనవరి వస్తే హైదరాబాదు నుంచి కూడా తీయటి తెలుగులో ఫోన్లొస్తాయి, "సార్, మీ రిటర్ను మేం వేస్తాం, రిఫండు ఎక్కువ తెప్పిస్తాం" అని. డబ్బు తీసుకుని రిటర్ను వేసేవాడు దాని మీద సంతకం పెట్టాలి, వాడికి ఐఆర్ఎస్ ఇచ్చిన నంబరుండాలి. మీ పిల్లలు అమెరికాలో ఉంటే ఫోన్లో ఈ ఒక్క ముక్క చెప్పండి. ఎక్కువ తెప్పిస్తానన్నవాడు నీ రిటర్నులో ఏం రాశాడో చదివావా అని అడగండి.

ఆ మూడు విడతల తలుపులూ ఇప్పుడు మూసుకున్నాయి. అమెరికాలో పాత రిటర్ను వేసి రిఫండు అడగడానికి మూడేళ్లే గడువు. 2020ది 2024 మే 17తో, 2021ది 2025 ఏప్రిల్ 15తో అయిపోయింది. మూసేముందు, 2024 డిసెంబరులో ఐఆర్ఎస్ ఒక మంచి పని చేసింది. 2021 రిటర్ను వేసి కూడా ముప్ఫయ్యో గీత ఖాళీగా వదిలేసినవాళ్లో, సున్నా వేసినవాళ్లో దాదాపు పది లక్షల మంది ఉన్నారని లెక్కతీసి, వాళ్లడగకుండానే 240 కోట్ల డాలర్లు పంపింది. అడగకుండానే పంపగలిగినప్పుడు ముందే పంపొచ్చుగా అంటుంది మా పెద్దమ్మ. ఆవిడకేం, ఎన్నయినా అంటుంది.

ఆ వంటాయన సంగతి మిగిలింది. 2021 మార్చిలో మళ్లీ కనిపించాడు. అదే పార్కింగు, అదే టెంటు. రెండో విడత 600 షెల్టరుకు వచ్చిందట, ఆయనప్పటికి అక్కడ లేడు, మనిషి లేడని వెనక్కి పోయింది. అలా వెనక్కిపోయిన డబ్బును కొత్త రిటర్నులో ముప్ఫయ్యో గీత మీద అడగొచ్చు. ఈసారి నంబరు నాకే చెప్పాడు, పైకి, గట్టిగా. అంతా నింపాక ఆన్‌లైన్‌లో సంతకం దగ్గర ఆగాం. చేతిసంతకం ఉండదు కాబట్టి మనిషి వాడేనని నమ్మడానికి, నిరుటి రిటర్నులో మొత్తం ఆదాయం ఎంతని రాశావో చెప్పమంటుంది. అది సరిపోలకపోతే రిటర్ను తిరగ్గొడుతుంది. ఆ చిన్న దరఖాస్తు వాడినవాళ్లు ఎంత రాయాలో మాకు శిక్షణలోనే చెప్పారు. అయినా అడగాలి కాబట్టి అడిగాను.

"నిరుడు మీ రాబడి ఎంత?"

మాస్కు వెనకనుంచి కళ్లు నవ్వాయి. కుడిచేతి చూపుడువేలు పైకెత్తి చూపించాడు.

ఆ గడిలో ఒకటి అని కొట్టాను.